చిత్రములో నేమున్నది?



నేను చిత్రకారుడను గాను. ముప్పది యేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. అట్టివాడు చిత్రలేఖనమును గూర్చి ప్రసంగించుట సాహసమే. ఐనను మా యింట నొక చిక్కు వచ్చిపడినది. అట్టి చిక్కు మీలో ననేకుల యిండ్లకు నేడో రేపో రాగలదు గనుక దానిని మీ యెదుట పెట్టుచున్నాను.

మా స్వగ్రామము కోనసీమలో గోదావరి పాయ గట్టు క్రింద నున్నది. మా అన్నగారు అచ్చటనే వ్యవసాయము చేయించుకొనుచు ఎనుబదియేండ్లు దాటినారు. ఆయన మనుమడు విశాఖపట్టణమున చిత్రకళ చదువుచున్నాడు. గడచిన సంక్రాంతికి ఇంటికి వచ్చుచు, గుమ్మమంత పటము నొకదానిని దుప్పటిలో చుట్టి, బస్సులో దారి పొడుగునను చేతులతో పట్టుకొని తెచ్చెను. ఇంటిల్లపాదియు చుట్టును జేరిరి. దుప్పటి విప్పగా దానిలో మనిషి లేడు, చెట్టు లేదు, గొడ్డు లేదు. అడుగునుండి సగముదాక మట్టిరంగు. ఆ మట్టిరంగులో అడ్డముగ గీరిన గీతలు. పై సగము నలుపు. ఆ రెంటికి నడుమ, మట్టిరంగునకు జానెడు పైగా, గోరంత పసుపుపచ్చని చుక్క. అంతే.

మా వదినగారు వంటయింటిలోనికి వెళ్లిపోయిరి. అన్నగారు కొంతసేపు చూచి, "ఏమిరా, తలక్రిందులుగ పట్టుకొంటివా?" అనిరి.

"లేదు తాతయ్యా."

"మఱి యేమిటిది?"

"వరద తాతయ్యా."

ఆయన మఱి మాటలాడలేదు. రాత్రి భోజనములైన పిదప నన్ను అరుగు మీదికి బిలిచి, "తమ్ముడూ, వీని చదువునకు మూడేండ్లుగ రెండెకరముల కౌలు పోవుచున్నది. మనిషి మొగము వ్రాయుటయైన రాలేదు. ఈ యేటితో మాన్పించెదను. నీవేమందువు?" అనిరి. నాకు వెంటనే సమాధానము తోచలేదు. నిజము చెప్పవలెనన్న ఆ పటము నాకును అర్థము కాలేదు. "మాన్పించుటకు ముందు ఒకసారి రాజమహేంద్రవరము పోయి వత్తము" అని మాత్రమంటిని. మఱునాడు కాక ఆ మఱునాడు ముగ్గురమును బయలుదేరితిమి.

రాజమహేంద్రవరమున గోదావరి గట్టునకు దాపున దామెర్ల రామారావుగారి చిత్రశాల కలదు. పుష్కరములకు బోయిన మీలో పలువురు దాని ముందునుండియే నడచి యుందురు. లోనికి బోయినవారు కొలదిమంది. నేను ఆ పట్టణమున ఉద్యోగము చేసిన దినములలో పిల్లలను వెంటబెట్టుకొని పలుమాఱులు వెళ్లితిని. ఇన్నిసారులు వెళ్లియు చూడనిదానిని ఈసారి చూచితిని. అది పిమ్మట చెప్పెదను. ముందుగ ఆ రామారావు ఎవరో చెప్పవలయును.

ఆయన 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీని రాజమహేంద్రవరముననే జన్మించెను. 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీని మశూచికముచే మరణించెను. లెక్క చూచికొనుడు. ఇరువదియెనిమిది యేండ్లు నిండుటకు ఇంకను ఒక నెల కొఱత. ఆ మహమ్మారి నేడు లోకమున లేదు. మన దేశమున 1975తో పోయినది. 1980లో ప్రపంచారోగ్యసంస్థవారు భూమి మీదనే లేదని ప్రకటించిరి. మా అన్నగారి భుజము మీదను నా భుజము మీదను ఆ టీకామచ్చ యున్నది, మనుమనికి లేదు. చిత్రశాల గుమ్మములో ఆ రెండు తేదీలను చదివి అన్నగారు, "ఇంతేనా?" అనిరి. అంతే.

రామారావు చదువుకొను కాలమున రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డు కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రధానాధ్యాపకుడుగ నుండెను. ఆయన కవి, చిత్రకారుడు. తెలుగుపిల్లలకు ఆంగ్లముతో పాటు కన్నులు తెఱచి చూచుట కూడ నేర్పినవాడు. భీమవరము ప్రాంతమువారైన అడవి బాపిరాజుగారు, కవికొండల వెంకటరావుగారు ఆయన శిష్యులే. ఒక్క ఉపాధ్యాయుని నీడలో ఇందఱు మొలచుట అరుదు. ఉపాధ్యాయవృత్తిలో జీవితము గడపిన నాకు ఆ మాట తలచుకొన్నప్పుడెల్ల కొంచె మసూయ కలుగును.

కూల్డ్రే ప్రోత్సాహముతో రామారావు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో జేరెను. 1916 అనగా ఎట్టి కాలము? గోదావరిసీమలో కలిగిన గృహస్థులు కొడుకులను ప్లీడరీకి చదివించుచుండిరి. లేనిచో సర్కారు కొలువునకు. బొమ్మలు వ్రాయుట నేర్చుటకు కుఱ్ఱవానిని బొంబాయికి బంపుటయన్న ఇరుగుపొరుగు లేమనియుందురో నేను వర్ణింపనక్కఱలేదు. నేను ఈ మాట చెప్పునపుడు అన్నగారు గోదావరి వైపు చూచుచుండిరి గాని, వినుచునే యుండిరి.

ఆ బొంబాయి పాఠశాల 1857లో స్థాపింపబడినది. అచ్చటి పద్ధతి పాశ్చాత్యము. సున్నపు ప్రతిమలను ముందిడుకొని కొలతలు తప్పకుండ వ్రాయవలయును. పిదప ఎదుట మనిషిని నిలుపుకొని ఎముక యెక్కడ, కండ యెక్కడ, వెలుగు యెక్కడ, నీడ యెక్కడ అని చూచి వ్రాయవలయును. ఏండ్ల తరబడి ఇదే పని. రామారావు ఆ విద్యను పూర్తిగ వశము చేసికొని 1920లో చదువు ముగించెను. బొంబాయిలో నిలిచినచో ధనికుల నిలువెత్తు పటములు వ్రాసికొనుచు సుఖముగ బ్రతుకవచ్చును. ఆయన తిరిగి రాజమహేంద్రవరమే వచ్చెను. ఊరిలో చిత్రకళాశాల నెలకొల్పెను. భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు కూడ చిత్రములు వ్రాసిరి. ఆ దినములలో కుటుంబస్త్రీలు కుంచె పట్టుట సామాన్యవిషయము గాదు. మిత్రుడైన వరదా వెంకటరత్నముగారు, రామారావు పోయిన పిదప, ఆ పాఠశాలను నిలిపి ఎందఱకో విద్య నేర్పిరి. 1922లో కలకత్తా ప్రదర్శనమున రామారావు వ్రాసిన 'ఋష్యశృంగ బంధనము'నకు వైస్రాయి బహుమానము వచ్చెను. 1924లో లండను దాపున వెంబ్లీలో జరిగిన మహాప్రదర్శనమునకు ఆయన చిత్రములు వెళ్లినవి. మఱుసటి యేడు ఆయన లేడు.

ఇక చిత్రముల మాట. మేము మొదట 'సిద్ధార్థ రాగోదయము' ఎదుట నిలిచితిమి. రాకుమారుడు కన్యలకు కానుకలు పంచిపెట్టుచుండగా యశోధర వచ్చుటయు, ఆతని మనస్సు చలించుటయు నందలి కథ. పిదప 'పుష్పాలంకారము', 'నందిపూజ', నూతి కడ స్త్రీలు. అన్నగారి మొగము వికసించినది. "ఇదిరా చిత్రమనగా! చూచితివా, ఆ కట్టు, ఆ నిలుకడ! మన యాడపడుచులే గదా" అనిరి. మనుమడు నవ్వి యూరకుండెను. కొంతసేపైన తరువాత మెల్లగా, "తాతయ్యా, ఈ చిత్రములో ఎండ యే వైపునుండి పడుచున్నది?" అని యడిగెను.

అన్నగారు దగ్గఱకు బోయి చూచిరి. దూరముగ వచ్చి చూచిరి. చెప్పలేకపోయిరి. నేనును చెప్పలేకపోతిని. ఇన్నియేండ్లుగ నేను చూడనిది అదియే. నీడ కొలతలను బొంబాయిలో నాలుగేండ్లు అభ్యసించినవాడు తన సొంత చిత్రము వ్రాయునపుడు ఆ నీడలను చాలవఱకు విడిచిపెట్టినాడు! వెనుక గోడ ఎంతదూరమో తెలుపలేదు. చీరకు గల మడతలన్నియు వ్రాయలేదు. రెండో మూడో గీతలు గీచి, వాని పరుగుచేతనే దేహపు వంపును చూపినాడు. తెలియక విడిచెనా? తెలిసియే విడిచెను. అజంతా గోడల మీది పూర్వుల రేఖ ఆయనకు బొంబాయి నీడలకంటె ఎక్కువ చెప్పినది.

మీలో చాలమంది యిండ్లలో రవివర్మ పటములు చూచియుందురు. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రము పెట్టించినది మొదలు లక్ష్మియు సరస్వతియు ఇంటింటికి వచ్చిరి. ఆ పటములలో పట్టు పట్టువలెనే మెఱయును, ముత్యము ముత్యమువలెనే యుండును. మన కన్ను వానితో పెరిగినది. అందుచే ఉన్నదున్నట్లు వ్రాయుటయే చిత్రమని మన యభిప్రాయము. రవివర్మను నేను తక్కువ చేయుట లేదు. కాని వినాయకచవితి నాడు మట్టి విగ్రహమునకు తొండము, బొజ్జ, ఎలుక అన్నియు కావలెనని పట్టుబట్టు మనమే, అదే పీటపై పసుపుముద్ద నొకటి పెట్టి, గణపతి యని తొలిపూజ చేయుచున్నాము గదా! ఆ ముద్దకు తొండ మెక్కడిది? బొజ్జ యెక్కడిది? ఏ పురోహితునితోను మనము తగవు పడలేదు. ఇంటి ముందు ముగ్గు వేయు ఆడపిల్లను ఇది యే చెట్టమ్మా అని యడుగము. రూపము లేని రూపము మనకు క్రొత్త గాదు. గోడ మీద చట్రములో పెట్టినప్పుడే అది క్రొత్త యగుచున్నది.

చిత్రశాలలో ఆయన పెన్సిలుతో వ్రాసిన అభ్యాసచిత్రములు కూడ నున్నవి. మొగములు, చేతులు, కూర్చున్నవారు, నిలిచినవారు, కొండల నడుమ గోదావరి. పెద్ద చిత్రములకంటె నాకు వీనియం దెక్కువ ప్రీతి. ఎదుట నెవరు కూర్చున్నను ఆ చేయి ఊరకుండలేదని తెలియును. మా మనుమడు వాని యెదుట చాలసేపు నిలిచి, తన సంచిలోనుండి ఒక పుస్తకమును తీసి తాతగారి చేతికిచ్చెను. ఇంతవఱకు వానిని ఇంట నెవ్వరును అడుగలేదు, వాడు చూపలేదు.

ఆ పుస్తకము నిండ అన్నగారే. పడకకుర్చీలో కునుకుపాట్లు పడుచున్న అన్నగారు. చుట్ట వెలిగించుచున్న అన్నగారు. ఆయన కుడిచేతి వ్రేళ్లు, వడ్లగింజను గోటితో ఒలిచి చూచునప్పటి వ్రేళ్లు. మా వదినగారు రోటి కడ. గట్టు మీద కట్టిన గేదె. మొగము వ్రాయుట రాలేదన్నమాట అబద్ధమని తేలిపోయినది. అన్నగారు పుట లన్నియు త్రిప్పి, పుస్తకము మూసి, కొంచెము కోపముతోనే, "ఇంత వచ్చినవాడవు, మఱి ఆ పటములో ఒక్క మనిషిని వ్రాయరాదా?" అనిరి.

వాడు చెప్పిన సమాధానమును వాని మాటలలోనే చెప్పుటకు ప్రయత్నించెదను. "తాతయ్యా, ఇవి నేను చూచినవి. ఆ వరద నేను చూడలేదు. అప్పటికి నేను పుట్టలేదు. చిన్నప్పటినుండి మీరు చెప్పగా విన్నాను. ఎన్నిసారులు మనుష్యులను పెట్టి వ్రాసినను అది సినిమాలో వరదవలె వచ్చినది. నేను చూడనివారి మొగములు కల్పించిన అబద్ధమని తోచినది. మీరు చెప్పునపుడు నాకు వినబడినది మాత్రము మిగిల్చి, తక్కినది తీసివేసితిని."

వరద యనగా 1986 ఆగస్టునాటి వరద. మీలో అనుభవించినవారికి నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. ధవళేశ్వరము కడ సెకనునకు 35 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు దిగినది. నేనప్పుడు పట్టణమున నుంటిని. అన్నగారు, వదినగారు, పిల్లలు మా పెంకుటింటి అటక మీద ఒక రాత్రి గడపిరి. పలుపులు కోసి గొడ్లను వదలివేసిరి. నాలుగు తిరిగి రాలేదు. అన్నగారు ఈ కథను ప్రతి శ్రావణమాసమునను చెప్పుదురు. మాకు విని విని విసుగు. ఆ పిల్లవాడు మాత్రము వినినాడని మే మెవ్వరము ఎఱుగము.

వాడు పని చేయు తీరును కూడ అడిగి తెలిసికొంటిని. మొదట రంగు ముట్టడట. గట్టు వెంట నడచి, ఎఱ్ఱనీరు వచ్చు దినములలో ఉదయ మే రంగు, మధ్యాహ్న మే రంగు, వాన వెలిసిన తరువాత నే రంగు అని పుస్తకములో పేర్లతో వ్రాసికొనును: బెల్లపు రంగు, తడిసిన పెంకు రంగు, ఎసటి రంగు. పిదప గుడ్డ మీద ఒక పూత పూసి ఆరనిచ్చి, దానిపై మఱియొక పూత పూసి, తడి యుండగనే తాపీతో గీరును. అడుగు రంగు బయటపడును. మరల పూత, మరల గీరుట. ఆ పటమునకు పదునొకండు పూతలు పడినవట. వినుచుండగా నాకు బెంగాలు చిత్రకారుల పద్ధతి జ్ఞప్తికి వచ్చినది. అవనీంద్రనాథ ఠాకూరుగారు మొదలైనవారు నీటిరంగు వేసిన కాగితమును నీట ముంచి, ఆరబెట్టి, మరల రంగు వేసి, మరల ముంచుచుండిరి. అచ్చట తెర మీద తెర పడి పొగమంచు పట్టినట్లుండును. మన రామారావు ఆ మసకను ఒల్లలేదు; ఆయనకు రేఖ స్పష్టముగ నుండవలయును. మావాడు రేఖను సైతము విడిచినాడు. అది మంచిదో కాదో నేను చెప్పజాలను. వాని వయస్సు ఇరువదిరెండు.

బయటికి వచ్చి గట్టు మీద కూర్చున్నప్పుడు అన్నగారు అసలు ప్రశ్న వేసిరి. పెద్దలెల్లరును వేయు ప్రశ్నయే. "ఇట్లు రూపము లేకుండ వ్రాసి మనవారిలో బాగుపడినవా డొక్కడైన నున్నాడా?"

ఉన్నాడని చెప్పితిని. ప్రక్కనున్న కృష్ణాజిల్లాలో గుడివాడలో 1936లో పుట్టిన యస్.వి. రామారావుగారు మద్రాసులో చిత్రకళ చదివి, విద్యార్థివేతనముపై లండనులోని స్లేడ్ పాఠశాలకు వెళ్లి, పిమ్మట అమెరికాలో చికాగోనగరమున స్థిరపడిరి. ఆయన పేరు పొందినది రంగుల చిత్రములకే. వానిలో మనిషిని, మ్రానును వెదకిన దొరకవు. 2001లో భారతప్రభుత్వమువారు ఆయనకు పద్మశ్రీ నిచ్చి గౌరవించిరి. గుడివాడ పేరు వినగానే అన్నగారు, "గుడివాడా!" అని తల పంకించిరి. లండను, చికాగోల కంటె ఆయనకు ఆ మాటయే ఎక్కువ ధైర్య మిచ్చినదని నాకు తోచినది.

మఱియొక సంగతి కూడ అప్పుడు చెప్పితిని. రూపమును విడిచి వ్రాయుట మొదలుపెట్టినవారిలో ముఖ్యుడు కాండిన్‌స్కీ అను రష్యాదేశీయుడు. రామారావు బొంబాయికి బోవుటకు కొన్ని యేండ్లు ముందే ఆయన ఆ త్రోవ త్రొక్కెను. 1922 డిసెంబరులో కలకత్తాలో ప్రాచ్యకళాసంఘమువారు జరపిన ప్రదర్శనమునకు జర్మనీనుండి ఆయన చిత్రములును, క్లే యను మఱియొక చిత్రకారుని చిత్రములును వచ్చినవి. రామారావునకు కలకత్తాలో బహుమానము వచ్చిన యేడే యది. మన రామారావు వానిని చూచినాడని నే ననుట లేదు. ఇరువదియైదేండ్ల యువకుడు, ఇంకొక ముప్పదియేండ్లు బ్రతికియుండిన నీడలను విడిచినవాడు మఱి యేమేమి విడిచియుండునో, లేక విడిచినవానిని మరల తెచ్చుకొనియుండునో! ఆ చిత్రశాలలోనికి బోయినప్పుడెల్ల నాకీ ఆలోచన రాకమానదు. వచ్చినప్పుడెల్ల బాధయే.

చీకటిపడువేళకు ఇంటికి చేరితిమి. చదువు మాన్పించు మాట అన్నగారు మరల ఎత్తలేదు. మాన్పింపనని కూడ చెప్పలేదు. భోజనమైన తరువాత పటమును వసారాలోనికి తెప్పించి, గోడకు చేర్లవేయించి, పడకకుర్చీ దాని కెదురుగ వేసికొని కూర్చుండిరి. వదినగారు తలుపు చాటునుండి చూచుచుండిరి. చాలసేపు ఎవ్వరును మాటలాడలేదు. పిదప ఆయన, "ఆ చుక్క అక్కడ కాదురా" అనిరి.

పిల్లవాడు ఉలికిపడి, "ఏ చుక్క తాతయ్యా?" అనెను.

"ఆ పసుపుచుక్క. లాంతరే కదా యది? నీరు ఎంత పొడుగు వచ్చునో తెలియుటకు చావడి స్తంభమునకు కట్టి మేము అటక యెక్కితిమి. తెల్లవాఱుజామునకు నీరు దాని అడుగును నాకుచుండెను. నీవు దానిని జానెడు మీద పెట్టితివి. అంత యెడము లేదు."

"ఎంత క్రిందికి తాతయ్యా?"

అన్నగారు లేచి, పటము దగ్గఱకు నడచి, చేతికఱ్ఱ కొనతో చూపించిరి.